ఎముక చేతికిస్తే కుడిదా ఎడమదా చెప్పేదెట్ల? (పక్కటెముకలు, రెక్క ఎముక, జబ్బ ఎముక)

ఆదోని_అమ్మాయి

అందరికీ నమస్కారం. కర్నూలులో ఎంబీబీఎస్ ఫస్టియర్ చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మీడియం. వచ్చే నెల అప్పర్ లింబ్ (చెయ్యి), థొరాక్స్ (ఛాతీ) ఎముకల మీద వైవా (నోటి పరీక్ష) ఉంది. పుస్తకంలో బొమ్మ చూస్తే అన్నీ తెలిసినట్లే ఉంటాది, ఎముక చేతిలో పెడితే మాత్రం సైడ్ తేల్చుకోలేకపోతున్నా.

క్లావికల్‌లో (రొమ్ము ఎముక నుంచి భుజం దాకా అడ్డంగా ఉండే ఎముక) పైభాగం ఏదో, కిందిభాగం ఏదో పట్టుకోవడం ఎట్ల? ఫస్ట్ రిబ్‌ను (మొదటి పక్కటెముకను) తిరగేసి పట్టుకున్నానని తెలిసేది ఎట్ల? హ్యూమరస్ (జబ్బ ఎముక) మొత్తం ఇస్తే చెప్తాను, కింది సగం ముక్క ఒక్కటే ఇస్తే? మా దగ్గరున్న ఎముకలు ఎన్నో బ్యాచ్‌ల చేతుల్లో నలిగి నున్నగా అయిపోయినాయి, చిన్న గుర్తులు కనపడవు. దయచేసి పట్టుకునే పద్ధతితో సహా చెప్పండి.

కడప_అనాటమీ

అమ్మా, ఏ ఎముకకైనా మూడు ప్రశ్నలే. పై కొస ఏది, ముందు వైపు ఏది, శరీరం మధ్యగీత వైపు ఉండేది ఏది. మూడూ తేలితే సైడ్ దానంతట అదే తేలుతుంది. తేలినాక ఎముకను నీ ఒంటి మీద, అది ఉండాల్సిన చోటే ఆనించి పట్టుకో. చాలామంది ఎదురుగా కూర్చున్న ఎగ్జామినర్‌కు కనపడాలని అటువైపు తిప్పి పట్టుకుంటారు. అక్కడే కుడి ఎడమలు తారుమారై, తెలిసిన జవాబే తప్పుగా బయటికొస్తుంది.

క్లావికల్: లావుగా, నాలుగు పలకలుగా ఉన్న కొస రొమ్ము ఎముక వైపుది. బల్లపరుపుగా ఉన్న కొస భుజం వైపుది. ఇది అరిగిన ఎముకలోనూ పోదు. లోపలి రెండు వంతులు ముందుకు ఉబ్బి ఉంటుంది, బయటి మూడో వంతు ముందు నుంచి చూస్తే లోపలికి వంగి ఉంటుంది. ఇక పైన కింద సంగతి. నడిమి భాగంలో కింది వైపు సబ్‌క్లేవియస్ కండరానికి పొడవాటి గాడి ఉంటుంది గానీ, నువ్వు చెప్పినట్లు అరిగిన ఎముకలో దాన్ని నమ్ముకోలేం. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చూడు. బయటి కొసకు దగ్గర్లో, వెనక అంచును ఆనుకుని, కింది వైపు ఒక బొడిపె తగులుతుంది. అది కోనాయిడ్ ట్యుబర్‌కిల్. ఆ ఒక్క బొడిపె వెనక ఏదో, కింద ఏదో రెండూ ఒకేసారి చెప్తుంది. అందుకే నా లెక్కలో క్లావికల్‌కు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు అదే.

మామూలు రిబ్, అంటే 3 నుంచి 9 వరకు: తల (వెన్నుపూసకు ఆనే కొస) వెనక్కి, ఉబ్బు బయటికి, కాస్టల్ గ్రూవ్ (నాళాలు, నరం పోయే గాడి) లోపలి వైపు కింది అంచున. గ్రూవ్ అరిగిపోయి ఉంటే అంచులు తడుము. పై అంచు మొద్దుగా గుండ్రంగా, కింది అంచు పదునుగా ఉంటుంది. తల మీద రెండు నున్నని ముఖాలుంటాయి. కిందిది పెద్దది, అదే నంబరు వెన్నుపూసకు ఆనుతుంది. పైది దానికి పైనున్న పూసకు. అంటే 5వ రిబ్ టి5కు (ఛాతీ వెన్నుపూసల్లో 5వ దానికి), టి4కు రెండింటికీ ఆనుతుంది.

ఫస్ట్ రిబ్‌ను మిగతా వాటిలా నిలువుగా పట్టుకుంటే ఎప్పటికీ తేలదు. దాని వెడల్పు ముఖాలు పైకి, కిందికి చూస్తాయి. బల్ల మీద పెట్టు. పైముఖం పైకే ఉంటే రెండు కొసలూ బల్లకు ఆనుతాయి, తిరగేస్తే అట్ల ఆనవు. తర్వాత లోపలి అంచు మీద వేలు నడిపించు, స్కేలీన్ ట్యుబర్‌కిల్ అనే బొడిపె తగులుతుంది. అక్కడ స్కేలినస్ యాంటీరియర్ కండరం అతుక్కుంటుంది. దానికి ముందున్న గాడిలో సబ్‌క్లేవియన్ వెయిన్ (సిర), వెనక గాడిలో సబ్‌క్లేవియన్ ఆర్టరీ (ధమని), బ్రేకియల్ ప్లెక్సస్ (చేతి నరాల అల్లిక) లోయర్ ట్రంక్ పోతాయి. గాడులున్నది పైముఖమే. కిందిముఖం నునుపు, కాస్టల్ గ్రూవ్ లేదు. తల మీద ముఖం ఒక్కటే.

2వది దీనికి సుమారు రెండింతల పొడవు, బయటి వైపు సెర్రేటస్ యాంటీరియర్ కండరం కోసం గరుకు భాగం ఉంటుంది. 10వ దాని తలపై ఒకటే ముఖం. 11, 12 లకు మెడ లేదు, ట్యుబర్‌కిల్ లేదు. 11వ దానికి కొద్దిగా వంపు, లోతులేని గ్రూవ్ ఉంటాయి, 12వ దానికి అవీ ఉండవు. వైవాలో నంబరు అడిగేది ఈ వింత రిబ్బులకే. మామూలు రిబ్ ఇచ్చి ‘ఇది ఆరోదా ఏడోదా’ అని అడగరు.

హ్యూమరస్ కింది ముక్క: ఒక వైపు ఒకే పెద్ద గుంట, రెండో వైపు రెండు చిన్న గుంటలు. పెద్ద గుంట ఒలెక్రానాన్ ఫాసా, అది వెనక. చిన్నవి కరొనాయిడ్, రేడియల్ ఫాసాలు, అవి ముందు. కింది కొసకు రెండు పక్కలా ఉండే బొడిపెలు ఎపికాండైల్స్. ఎక్కువగా పొడుచుకొచ్చిన ఎపికాండైల్ మీడియల్, అంటే మధ్యగీత వైపుది. వెనక తెలిసింది, మధ్యగీత వైపు తెలిసింది, ఇక సైడ్‌కు అనుమానమెందుకు? ఎపికాండైల్ కొస విరిగి ఉంటే క్యాపిట్యులమ్ వెతుకు. గుండ్రంగా, లాటరల్ (బయటి) వైపు ఉంటుంది, ముందూ కిందా మాత్రమే కనపడుతుంది. వెనక నుంచి చూస్తే ట్రోక్లియా (దాని పక్కనున్న కప్పీలాంటి భాగం) ఒక్కటే కనపడుతుంది. కొన్ని ఎముకల్లో ముందు వెనక గుంటల మధ్య పలచని గోడకు రంధ్రం ఉంటుంది, సుప్రాట్రోక్లియర్ ఫోరామెన్ అంటారు. అది విరిగింది కాదు, కంగారుపడొద్దు.

స్కాపులా (రెక్క ఎముక) మీకెవరికీ కష్టం కాదు. గ్లీనాయిడ్ (హ్యూమరస్ తల ఆనే గుంట) బయటికి, స్పైన్ (అడ్డంగా లేచిన గట్టు) వెనక్కి, మొన కిందికి. కొరకాయిడ్ అనే కొమ్ము ముందుకు వంగి ఉంటుంది, భుజం కొసన ఉండే అక్రోమియాన్ వెనకున్న స్పైన్ నుంచి వస్తుంది. ఈ రెండింటినీ కలిపేయకుంటే చాలు.

అనంత_ఆర్థో

పై సమాధానం బాగుంది. ప్రతి గుర్తుకూ ‘ఇక్కడ విరిగితే ఏమవుతుంది’ అన్నది జోడించుకో చెల్లీ, మరిచిపోవు.

క్లావికల్ విరిగితే లోపలి ముక్కను మెడ కండరం స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ పైకి లాగుతుంది. బయటి ముక్క చేతి బరువుకు కిందికి జారుతుంది, పెక్టొరాలిస్ మేజర్ లాంటి కండరాలు దాన్ని లోపలికి లాగుతాయి. అందుకే భుజం కుంగి, ముందుకు ముడుచుకుని, మనిషి రెండో చేత్తో మోచేతిని మోసుకుంటూ వస్తాడు. పుస్తకం రెండు వంపులు కలిసే చోట విరుగుతుందని రాస్తుంది, ఆర్థో వాళ్లు నడిమి మూడో వంతు అంటారు. ఆ జంక్షన్ నడిమి వంతు బయటి చివరే కాబట్టి రెంటికీ పేచీ లేదు.

హ్యూమరస్‌లో మూడు నరాలు, మూడు చోట్లు. సర్జికల్ నెక్ (పై కొస కింద సన్నబడే చోటు) చుట్టూ యాక్సిలరీ నరం: దెబ్బతింటే డెల్టాయిడ్ (భుజం కండరం) పడిపోతుంది, భుజం బయటి వైపు కింది భాగంలో చర్మం మొద్దుబారుతుంది. ఎముక నడిమిలో స్పైరల్ గ్రూవ్‌లో రేడియల్ నరం: మణికట్టు వాలిపోతుంది. మోచేయి చాచే ట్రైసెప్స్ కండరం లాంగ్ హెడ్‌కు కొమ్మ గ్రూవ్‌కు పైనే వెళ్లిపోతుంది కాబట్టి మోచేయి చాచడం చాలావరకు మిగులుతుంది. ఎగ్జామినర్లు ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది. మీడియల్ ఎపికాండైల్ వెనక అల్నార్ నరం.

మన వైపు క్యాజువాలిటీలో పదేపదే చూసేది సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ (హ్యూమరస్ మోచేతికి కాస్త పైన విరగడం). చెట్టు మీద నుంచో మిద్దె మీద నుంచో చెయ్యి చాచి పడిన పిల్లలు, ఎక్కువగా 5 నుంచి 8 ఏళ్ల వాళ్లు. ముందు వెనక గుంటల మధ్య ఎముక పలచగా ఉంటుందని ఇందాక చెప్పారు కదా, సరిగ్గా ఆ బలహీనతే కారణం. కింది ముక్క వెనక్కి పోతుంది, పై ముక్క పదును అంచు ముందుకొచ్చి బ్రేకియల్ ఆర్టరీని, మీడియన్ నరాన్ని పొడుస్తుంది. కాబట్టి ఎక్స్‌రేకు పంపేముందే మణికట్టు నాడి చూడాలి, బొటనవేలు చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టమని అడగాలి. చుట్టలేకపోతే యాంటీరియర్ ఇంటెరాసియస్ నరం దెబ్బతిన్నట్లు.

దీనికి వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టు కడితే ముంజేతి కండరాలకు రక్తం ఆగిపోయి వోల్క్‌మన్ ఇస్కీమియా వస్తుంది. వేళ్లు వెనక్కి చాపితే భరించలేని నొప్పి తొలి హెచ్చరిక. నాడి దొరుకుతోంది కదా అని ఊరుకోకూడదు, అప్పటికీ లోపల కండరం చచ్చిపోతూ ఉండొచ్చు. కట్టు వెంటనే విప్పాలి.

మోచేయి జారిందా, విరిగిందా అని తేల్చడానికి మోచేయి మడిచి ఒలెక్రానాన్ (మోచేతి మొన), రెండు ఎపికాండైల్‌లు తడుము. మామూలుగా మూడూ త్రికోణం, చెయ్యి చాపితే ఒకే గీత. సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్‌లో ఈ సంబంధం చెడదు, డిస్‌లొకేషన్‌లో చెడుతుంది.

ఆదోని_అమ్మాయి

చాలా థ్యాంక్స్ మేడమ్, అన్నా. కోనాయిడ్ బొడిపె ఇప్పుడే బోన్ సెట్‌లో తడిమి చూసినా, తగిలింది! ఇంకొక్కటి. మనిషి మీద రిబ్బులు లెక్కపెట్టమంటే యాడ నుంచి మొదలుపెట్టాలి? 12వ దాని నుంచి పైకి లెక్కపెడితే తప్పా? ఛాతీలో నీళ్లు తీసేటప్పుడు సూది కింది రిబ్ పై అంచున గుచ్చుతారని అన్నారు, ఎందుకు?

కడప_అనాటమీ

కింది నుంచి వద్దు. 12వ రిబ్ కొందరిలో ఎంత పొట్టిగా ఉంటుందంటే చేతికే తగలదు. అప్పుడు 11వ దాన్నే 12 అనుకుంటాం, లెక్కంతా ఒకటి తప్పుతుంది. వెనక నుంచి కిడ్నీ ఆపరేషన్‌కు కోత పెట్టేటప్పుడు ఈ పొరపాటు జరిగితే ప్లూరా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర) తెరుచుకుంటుంది.

ముందు నుంచి మొదలుపెట్టు. గొంతు కింద గుంటలో వేలు పెట్టి సుమారు 5 సెం.మీ. కిందికి జారిస్తే అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. మనూబ్రియమ్ (రొమ్ము ఎముక పై భాగం), రొమ్ము ఎముక బాడీ కలిసే చోటు, స్టెర్నల్ యాంగిల్. వెనక టి4, టి5 మధ్య డిస్క్ లెవెల్. దానికి పక్కన అతుక్కునేది 2వ కాస్టల్ కార్టిలేజ్ (రిబ్ ముందు కొసన ఉండే మృదులాస్థి). దాని కింది సందు 2వ ఇంటర్‌కాస్టల్ స్పేస్. అక్కడి నుంచి కిందికి, కొంచెం బయటికి జరుగుతూ లెక్కపెట్టు. ఫస్ట్ రిబ్ క్లావికల్ చాటున ఉంటుంది, తడిమి లెక్కపెట్టేందుకు పనికిరాదు. వెనక వైపైతే చేతులు పక్కకు వదిలేసి నిలబడినప్పుడు స్కాపులా కింది మొన 7వ రిబ్ మీద ఉంటుంది. చెయ్యి ఎత్తితే ఆ మొన జరిగిపోతుంది, గుర్తుంచుకో.

కాస్టల్ గ్రూవ్‌లో పై నుంచి కిందికి వెయిన్, ఆర్టరీ, నరం వరుసగా ఉంటాయి. నరం అన్నిటికంటే కింద, రిబ్ చాటు దానికి అంతగా దొరకదు. పై రిబ్ కింద గుచ్చితే వీటికి తగిలి ప్లూరాలోకి రక్తం కారుతుంది. కింది రిబ్ పై అంచున చిన్న కొలాటరల్ కొమ్మలే ఉంటాయి, కాబట్టి సూది ఎముకకు తగిలించి, అంచు మీదుగా జార్చి లోపలికి పోనిస్తారు. వెనక వైపు 9వ రిబ్‌కు కిందికి పోకూడదు. డయాఫ్రమ్, కుడివైపు లివర్, ఎడమవైపు స్ప్లీన్ ఉన్నాయి.

ఆ లెక్కతోనే ఇదీ చూడు: 9 నుంచి 12 వరకు రిబ్బులు విరిగితే లివర్, స్ప్లీన్ గురించి ఆలోచించాలి. ఫస్ట్ రిబ్ విరిగిందంటే దెబ్బ చాలా బలమైనది, పక్కనున్న సబ్‌క్లేవియన్ నాళాలు, ప్లెక్సస్ చూడాలి. వరుసగా మూడు లేదా అంతకంటే ఎక్కువ రిబ్బులు ఒక్కొక్కటి రెండేసి చోట్ల విరిగితే ఫ్లెయిల్ చెస్ట్. ఊపిరి పీల్చినప్పుడు ఆ ముక్క బయటికి రావడానికి బదులు లోపలికి పోతుంది. ఛాతీ చుట్టూ గట్టిగా పట్టీ వేయడం పాత పద్ధతి. ఊపిరి సరిగా ఆడక, కఫం చేరి న్యుమోనియాకు దారితీస్తుంది కాబట్టి ఇప్పుడు వేయరు, నొప్పి బాగా తగ్గించి దగ్గనిస్తారు.

కర్నూలు_ఫిజియో

కదలికల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి కొంచెం. రిబ్ ట్యుబర్‌కిల్ మీద చిన్న ముఖం ఉంటుంది చూడు. పై ఆరింటిలో అది గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, 7 నుంచి 10 వరకు చదునుగా ఉంటుంది. ఆ తేడా ఊరికే లేదు. పైవి మెడ అక్షం చుట్టూ తిరుగుతాయి, ముందు కొస బోరింగు పిడిలా పైకీ ముందుకూ లేస్తుంది. పంప్ హ్యాండిల్ మూవ్‌మెంట్ అంటారు, ఛాతీ ముందు వెనక కొలత పెరుగుతుంది. కిందివి చదును ముఖం మీద జారి పక్కలకు లేస్తాయి, అది బకెట్ హ్యాండిల్, అడ్డం కొలత పెరుగుతుంది. ఎముక చూపించి ఇది చెప్తే ఎగ్జామినర్ ముఖం వెలుగుతుంది.

చెయ్యి 180 డిగ్రీలు ఎత్తితే అందులో సుమారు 120 భుజం కీలుది, 60 స్కాపులాది. మొదటి 30 డిగ్రీల వరకు స్కాపులా పెద్దగా కదలదు, తర్వాత రెండింటికి ఒకటి చొప్పున. 90 దాటాలంటే హ్యూమరస్ బయటికి తిరగాలి, లేకుంటే దాని పై కొసనున్న గ్రేటర్ ట్యుబర్‌కిల్ అక్రోమియాన్‌కు తగులుతుంది. నిలబడి చేతులు లోపలికి తిప్పి పక్కనుంచి ఎత్తి చూడు, ఎక్కడ ఆగుతాయో నీకే తెలుస్తుంది.

గోడకు చేతులు ఆనించి నెట్టినప్పుడు స్కాపులా లోపలి అంచు రెక్కలా లేచిందంటే సెర్రేటస్ యాంటీరియర్ పని చేయడం లేదు, అంటే దానికి పోయే లాంగ్ థొరాసిక్ నరం (మెడ దగ్గరి సి5, సి6, సి7 నరాల నుంచి వచ్చేది) దెబ్బతిన్నట్లు. ఆ మనిషి చేతిని తల పైకి పూర్తిగా ఎత్తలేడు, ఎందుకంటే గ్లీనాయిడ్‌ను పైకి తిప్పే పనిలో ట్రపీజియస్ కండరానికి తోడు లేకుండా పోతుంది.

అనంత_ఆర్థో

ఇంజెక్షన్ సంగతి కూడా చేర్చుతున్నా, హౌస్‌సర్జన్సీలో పనికొస్తుంది. డెల్టాయిడ్‌లో సూదికి చోటు అక్రోమియాన్ అంచు నుంచి రెండు మూడు వేళ్ల కింద. మరీ పైన వేస్తే కీలు దగ్గరి బర్సాలోకి (ద్రవం ఉండే చిన్న సంచిలోకి) పోతుంది. డెల్టాయిడ్ ట్యుబరాసిటీ (హ్యూమరస్ మీద ఆ కండరం అతుక్కునే గరుకు చోటు) దాటి కిందికి, వెనక్కి పోతే రేడియల్ నరం. నీ చేతి మీదే అక్రోమియాన్ అంచు తడిమి వేళ్లతో కొలిచి చూసుకో.