రోక్‌ఫోర్ చీజ్: పేరు మీద హక్కు ఒక్క ఊరికే ఉండటం న్యాయమా?

తులూజ్_తెలుగు:
పోయిన శనివారం రోక్‌ఫోర్ వెళ్లొచ్చాం. దక్షిణ ఫ్రాన్స్‌లో అవేరోన్ జిల్లా, లార్జాక్ పీఠభూమి అంచు. ఊరంతా కొంబాలూ అనే సున్నపురాతి కొండను అంటిపెట్టుకుని ఉంటుంది. జనాభా వెయ్యి కూడా లేదు. ప్రపంచమంతా తెలిసిన నీలి చారల గొర్రెపాల చీజ్ ఈ ఊరి పేరుతోనే అమ్ముడవుతుంది.

ఎప్పుడో ఆ కొండ ఒక పక్క విరిగి జారిపోయింది. బండలు ఒకదాని మీద ఒకటి పడి లోపల గుహలు, సందులు మిగిలాయి. ఆ సందుల్ని అక్కడ ఫ్లరీన్లు అంటారు. ఒక పగులు దగ్గర చెయ్యి పెట్టమని గైడ్ చెప్పింది. బయట ఎండ మండుతుంటే అక్కడ మాత్రం మండువేసవిలో వట్టివేళ్ల తడిక ముందు కూర్చున్నట్టు చల్లటి తడిగాలి. ఏడాది పొడవునా 8 నుంచి 12 డిగ్రీలేనట. చీజ్‌లో నీలి చారలు తెచ్చే బూజు ఆ చల్లదనంలోనే పెరుగుతుంది. పూర్వం రై అనే ధాన్యంతో చేసిన రొట్టెల్ని గుహల్లో ఉంచి ఆ బూజును పెంచేవారు.

ఇక్కడే నా అభ్యంతరం. ఈ గుహల్లో మాగబెట్టే హక్కు ఊరివాళ్లదేనని 1411లో ఆరో చార్లెస్ రాజు పత్రం ఇచ్చాడు. 1925లో ఆ పేరును కాపాడే చట్టం వచ్చింది. కొంబాలూ గుహల్లో మాగితేనే ఆ పేరు పెట్టుకోవచ్చని 1961లో మియో పట్టణంలోని కోర్టు తేల్చింది. కానీ పాలు వచ్చేది చుట్టుపక్కల చాలా జిల్లాల నుంచి. పాలు విరిచి చీజ్ ముద్దలు చేసేది కూడా ఎక్కువగా వేరే ఊళ్లలోనే. గుహలో కనీసం 14 రోజులుంటే చాలు, ఆ తర్వాత తగరపు రేకు చుట్టి చల్లటి గదుల్లో నెలల తరబడి ఉంచుతారు. కష్టం పది ఊళ్లది, పేరు ఒక ఊరిది. ఆ ఊరైనా బాగుపడిందా అంటే, సాయంత్రం ఆరింటికి వీధిలో మనిషి కనపడలేదు. పనివాళ్లు చాలామంది బయట నుంచి కార్లలో వచ్చి పోతుంటారు.

పాడిరైతు_ఒంగోలు:
మీరు ఊరిని చూసి మాట్లాడుతున్నారు, నేను పాలను చూసి మాట్లాడతాను. మా దగ్గర పాలకేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు. ఏ మేత తిన్న గేదె, ఏ ఊరి పాలు అన్నది ఎవరికీ పట్టదు. మా ఊరి క్యాన్, పక్క జిల్లా క్యాన్ ఒకే ట్యాంకర్‌లో పోస్తారు. ఇంక నా పాలకు ప్రత్యేకత ఏముంటుంది?

అక్కడ లకోన్ జాతి గొర్రె పాలు తప్ప వేరేవి పనికిరావు. కాచకుండా పచ్చిపాలతోనే చెయ్యాలి. కిలో చీజ్‌కు నాలుగున్నర లీటర్ల పాలు కావాలి, అవీ ఏడాదిలో కొన్ని నెలలే దొరుకుతాయి. లార్జాక్ నేల రాళ్లమయం, గొర్రె తప్ప ఇంకేం బతుకుతుంది చెప్పండి? ఆ పేరే లేకపోతే అంత దూరాన ఉన్న దొడ్డి దగ్గరికి పాలబండి ఎందుకు వస్తుంది? గుహ ఒక్క ఊళ్లో ఉన్నా దాని వల్ల బతికేది పీఠభూమి మొత్తం.

చిటికి_ఇల్లు:
మాది పోచంపల్లి. పేరు ఉండటం వేరు, దాన్ని కాపాడేవాళ్లు ఉండటం వేరు. మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఆసు పోసీ పోసీ మా అమ్మకు కుడి భుజం పైకి లేవదు. మాకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా మిల్లు గుడ్డ మీద ఇక్కత్ డిజైన్ అచ్చు వేసి, అదే పేరుతో పదో వంతు ధరకు అమ్ముతున్నారు. కొనేవాళ్లకు తేడా తెలియదు. దారాన్ని ముందే కట్టి రంగేస్తే రంగు గుడ్డకు రెండు వైపులా ఒకేలా ఉంటుందని, అచ్చు గుడ్డకు వెనక వెలిసినట్టు ఉంటుందని వచ్చినవాళ్లందరికీ తిప్పి చూపిస్తుంటాను. రోక్‌ఫోర్‌వాళ్లు హద్దు గట్టిగా గీశారు కాబట్టే పేరు నిలబడింది. ఆ హద్దును అన్యాయం అనకండి తులూజ్ గారూ.

తులూజ్_తెలుగు:
మీ అమ్మగారి మాట చదివి కాసేపు ఆగిపోయానండీ. నకిలీని ఆపాలన్న దాంట్లో నాకు రెండో మాట లేదు. నా ప్రశ్న హద్దు ఎక్కడ గీయాలన్నదే. బనగానపల్లె మామిడి చూడండి. పేరు ఒక ఊరిదే అయినా 2017లో వచ్చిన గుర్తింపు ఎన్నో జిల్లాల తోటలకు వర్తిస్తుంది.

ఇంకో భయం కూడా ఉంది. అంతా ఒక్క సరుకు మీదే నడిస్తే దెబ్బ తగిలినప్పుడు తట్టుకోలేం. హార్మోన్లు వేసి పెంచిన అమెరికా గొడ్డుమాంసాన్ని యూరప్ వద్దన్నందుకు 1999లో అమెరికా రోక్‌ఫోర్ మీద 100 శాతం సుంకం వేసింది. ఆ కోపంతోనే ఆ ఆగస్టులో జోసే బోవే అనే గొర్రెల రైతు, తోటివాళ్లతో కలిసి మియోలో అప్పుడే కడుతున్న మెక్‌డొనాల్డ్స్‌ను విప్పేశాడు. మాంసం గొడవతో ఏ సంబంధమూ లేని గొర్రెలకాపరి మీద పడింది ఆ భారం.

పాతకాగితాలు:
దెబ్బ తగిలినప్పుడు నిలబడిందీ వాళ్లే కదా. 1971లో లార్జాక్‌లోని సైనిక శిబిరాన్ని పెంచుతామని ప్రభుత్వం ప్రకటిస్తే 103 మంది రైతులు భూమి అమ్మబోమని సంతకం చేశారు. 1972లో గొర్రెల్ని పారిస్ తీసుకెళ్లి ఈఫిల్ టవర్ కింద మేపారు. పదేళ్లు పోరాడితే 1981లో మిత్తెరాఁ అధ్యక్షుడయ్యాక ఆ పథకం రద్దయింది. వాళ్లలో చాలామంది రోక్‌ఫోర్‌కు పాలు పోసేవాళ్లే. నెలనెలా పాల డబ్బు రాకపోతే పదేళ్లు ఆగగలిగేవారా అని నా అనుమానం.

సుమతి_నెల్లూరు:
ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ గుహల్లో చీజ్ ముద్దల్ని తిప్పి, తుడిచి, రేకు చుట్టింది ఆడవాళ్లే. వాళ్లను కబనియేర్లు అంటారు. ఆ తడి చలిలో రోజంతా నిలబడి పనిచేశారు. పేరు ఊరిదా, రైతుదా అని వాదించుకుంటున్నారు, కూలి గురించి కూడా అడగాలి కదా. పైగా అక్కడి అతి పెద్ద బ్రాండ్ సొసియెతే ఇప్పుడు లాక్తాలిస్ అనే బహుళజాతి కంపెనీది. చట్టం పేరును కాపాడింది సరే, లాభం ఆ కొండ దగ్గరే ఆగుతోందా?

పాడిరైతు_ఒంగోలు:
సుమతి గారూ, మంచి మాట అడిగారు. తులూజ్ గారూ, అక్కడ పాల ధర ఎవరు తేలుస్తారు? కంపెనీ చెప్పిందేనా?

తులూజ్_తెలుగు:
పాలు పోసేవాళ్లు, చీజ్ చేసేవాళ్లు కలిసి 1930లో ఒక సమాఖ్య పెట్టుకున్నారు. రెండు పక్షాలూ అందులో కూర్చుని మాట్లాడుకుంటాయి. గొడవలు లేవని కాదు. నా మాట కొంత సవరించుకుంటున్నాను. గుహల హద్దును కదిలించక్కర్లేదు. కానీ పేరు మీద వచ్చే డబ్బులో కొంత ఆ వీధిలో బడికి, ఇళ్ల మరమ్మతులకు పోవాలని ఇప్పటికీ అంటాను. సాయంత్రం వీధిలో పిల్లల గొంతు వినపడకపోతే, గుహలో ఎన్ని ముద్దలు మాగితే మాత్రం దాన్ని ఊరని ఎలా అంటాం?

పాడిరైతు_ఒంగోలు:
మా కేంద్రం మీటింగ్ వచ్చే నెల. 1930 నుంచీ రైతు, కంపెనీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారన్న సంగతి అక్కడ చదివి వినిపిస్తాను. ఆ సమాఖ్య నియమాలు ఎక్కడైనా దొరికితే ఇక్కడ తెలుగులో పెట్టండి.