మార్చి చలిలో నాన్నని అద్దాల తోటకి తీసుకెళ్ళచ్చా? (చికాగో)

కడియం కుర్రాడు:
అమ్మానాన్న ఫిబ్రవరిలో మా దగ్గరికి వచ్చారు. నాన్నకి కడియంలో నర్సరీ. తెల్లారకముందే లేచి మొక్కలకి నీళ్ళు పెట్టే మనిషి. ఇక్కడేమో హీటర్ పక్కన కూర్చుని, కిటికీలోంచి మోడుచెట్లు చూస్తూ "ఇవి బతికే ఉన్నాయంటావా?" అని నిన్నటికి మూడోసారి అడిగారు. మార్చి చివరికొచ్చినా బయట రెండు డిగ్రీలు, పైగా ఈ గాలి. గార్‌ఫీల్డ్ పార్క్ కన్సర్వేటరీకి (అద్దాల కప్పు కింద వెచ్చగా మొక్కలు పెంచే తోట) తీసుకెళ్దామనుకుంటున్నా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వెళ్ళినవాళ్ళు చెప్పండి.

చలిమంట:
మాల్‌కి తీసుకెళ్ళండి బ్రదర్. పార్కింగ్ టెన్షన్ ఉండదు.

నేపర్‌విల్ అత్తయ్య:
నర్సరీ మనిషికి మాల్ ఎందుకయ్యా! శుభ్రంగా అక్కడికే తీసుకెళ్ళు బాబూ. మేం ఏటా ఈ రోజుల్లోనే వెళ్తాం. తలుపు తీసి అడుగు పెట్టగానే కళ్ళద్దాలు తెల్లగా అయిపోతాయి, కంగారు పడద్దని చెప్పు. ఫోన్‌కీ అంతే. తుడిచినకొద్దీ మళ్ళీ ఆవిరి పడుతుంది, ఓ పావుగంట సంచిలోనే ఉంచి తర్వాత తియ్యి. కోటు కింద పల్చటి చొక్కా చాలు. మావారు నా మాట వినక థర్మల్ మీద స్వెటర్ వేసుకొచ్చి, మొదటి గదిలోనే చెమటలు కక్కారు. ఫెర్న్ గదిలో నీళ్ళ చప్పుడు, తడిమట్టి వాసన. అక్కడ కాసేపు ఆగండి, అమ్మగారిని తొందరపెట్టకు. కాక్టస్ గదికి వచ్చేసరికి గాలి పొడిగా ఉంటుంది, కళ్ళద్దాలు వాటంతటవే తేటపడతాయి. టికెట్, టైం సంగతి ముందే ఆన్‌లైన్‌లో చూసుకో. ఏ రోజు సెలవో కూడా చూసుకో, మేం ఒకసారి తాళం చూసి వెనక్కొచ్చాం.

గ్రీన్‌లైన్ గిరి:
కారే అక్కర్లేదు. గ్రీన్ లైన్ రైలు స్టేషన్ పక్కనే ఉంది, పేరులోనే కన్సర్వేటరీ అని ఉంటుంది. నాన్నగారికి ఇంకో సంగతి కూడా చెప్పండి: 2011 జూన్ 30న వడగళ్ళు పడి ఈ కప్పు అద్దాలు చాలా పగిలిపోయాయి. పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన మొక్కల షెడ్డు) గాలివానకి చిరిగితే ఎలా ఉంటుందో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

కడియం కుర్రాడు:
ఆదివారం వెళ్ళొచ్చాం. అత్తయ్యగారూ, నమస్కారం!

బయటనుంచి చూడగానే నాన్న "అచ్చం మన గడ్డిమేటులా ఉందిరా" అన్నారు. జెన్స్ జెన్సన్ అనే తోటల డిజైనర్ ఇక్కడి పల్లెల్లోని గడ్డివాముల్ని చూసే అలా కట్టించాడని, 1908లో తెరిచారని చెబితే "మరి నేనేమన్నాను" అన్నారు. లోపల సైకస్ (చాలా నెమ్మదిగా పెరిగే, ఈతచెట్టులా ఉండే మొక్క) చూసి, ఇంత పెరగడానికి ఎన్నేళ్ళు పట్టుంటుందో లెక్కేస్తూ నిలబడిపోయారు. అరటి, చెరకు, కోకో ఉన్న గదిలో ఇక గైడ్ ఆయనే. కొబ్బరి తోటలో అంతరపంటగా కోకో ఎలా వేస్తారో పక్కనున్న తెల్లావిడకి తెలుగులో చెప్తుంటే, నేను అనువాదం చేస్తూ వెనకాల తిరిగా. అమ్మ బెంచీ మీద కూర్చుని చూసి నవ్వుతూనే ఉంది.

ఒక్కచోట మాత్రం ఆకు తిప్పి చూశారు. "నాన్నా, ముట్టుకోకూడదు" అన్నా. పిండినల్లి పట్టిందేమోనని చూశారట. లేదు. "పర్లేదు, బాగానే చూసుకుంటున్నారు" అని కోటు తొడుక్కుంటూ, "ఇంత వేడికి కరెంటు బిల్లు ఎవరు కడతార్రా?" అన్నారు.