అప్‌డేట్: జెట్ ఎట్టకేలకు డెక్ మీద ఆగింది

ఎఫ్ఎస్ఎక్స్ యాక్సిలరేషన్ అనే మైక్రోసాఫ్ట్ విమానాల గేమ్‌లో, విడిగా తెచ్చి పెట్టుకున్న నా యాడ్-ఆన్ జెట్ క్యారియర్ (విమానవాహక నౌక) మీద దిగేటప్పుడు ఆపే తీగ పట్టకుండా జారి సముద్రంలో పడుతోందని, ఎగిరేటప్పుడు ముందుకు విసిరే కాటపుల్ట్ కూడా ఎక్కడం లేదని పోయిన వారం అడిగాను కదా. దాని ఫైలులో సెక్షన్లు లేవేమో అని మీరన్నదే నిజం. విమానం సెట్టింగులుండే ఎయిర్‌క్రాఫ్ట్.సీఎఫ్‌జీ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే టెయిల్‌హుక్ (తీగ పట్టే తోక కొక్కెం), లాంచ్ అసిస్టెన్స్ (కాటపుల్ట్‌కి కావాల్సింది) సెక్షన్లు రెండూ లేవు!

ముందు ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుని, గేమ్‌తో వచ్చిన హార్నెట్ జెట్ ఫైలు నుంచి ఆ రెండూ తెచ్చి అతికించాను. అయినా పట్టలేదు. కొక్కెం స్థానం అడుగుల్లో ఇవ్వాలి, నేనేమో మీటర్లలో కొలిచి వేశాను. తోక దగ్గర ఉండాల్సింది రెక్కల కిందకొచ్చింది. అంకెలు మార్చి మళ్లీ లోడ్ చేసేలోపు కరెంటు పోయింది, మా రాయగడ సంగతి తెలిసిందేగా.

రాత్రి పదకొండుకి మూడో తీగ పట్టింది. బొమ్మలో కొక్కెం కనబడదు, మోడల్‌లో ఆ యానిమేషన్ లేదు. నాకేం ఫర్వాలేదు.

ఎగరడానికి: షిఫ్ట్ యూతో లాంచ్ బార్ (కాటపుల్ట్‌కి తగిలే కడ్డీ) దించి, షిఫ్ట్ ఐతో కాటపుల్ట్‌కి తగిలించి, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, షిఫ్ట్ స్పేస్‌తో వదలాలి.

విశాఖ నుంచి వచ్చిన మా మేనల్లుడు 'మన విక్రాంత్ మీద ఇలాగే విసురుతారా మావయ్యా' అన్నాడు. దానికి కాటపుల్ట్ లేదురా, ముందు వైపు ర్యాంపే. దిగేటప్పుడు మాత్రం తీగలే.