తారురోడ్డు మిశ్రమంలో పాత గాజు వాడకం: సందేహాలు

ప్రశ్న:
వాడి పారేసిన గాజు సీసాలను, పగిలిన కిటికీ అద్దాలను నలగ్గొట్టి, తారురోడ్డు మిశ్రమంలో ఇసుకకూ సన్న కంకరకూ బదులుగా వాడవచ్చని చదివాను. సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఈ అంశాన్నే తీసుకోవాలనుకుంటున్నాను. వేడి తారులో కలిపినప్పుడు గాజు కరగదా? రోడ్డు అరిగే కొద్దీ పైకి తేలే ముక్కలు టైర్లను కోయవా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
ఈ సందేహాలు అందరికీ కలిగేవే కానీ, అసలు చిక్కు వేరేచోట ఉంది. తారు మిశ్రమాన్ని సుమారు 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్ వేడిలో తయారుచేస్తారు. సీసాల గాజు మెత్తబడాలంటేనే 700 డిగ్రీల దాకా వేడి కావాలి కనుక కరిగే ప్రసక్తి లేదు. ఇక టైర్ల సంగతి: గాజును 4.75 మిల్లీమీటర్ల జల్లెడలో దిగేంత సన్నగా నలగ్గొడితే పొడవాటి పెంకులు మిగలవు, రవ్వ చేతికి ముతక ఇసుకలాగే తగులుతుంది.

భయపడవలసింది నీటి గురించి. గాజులో 70 శాతానికి పైగా ఉండేది సిలికా. దాని ఉపరితలం నున్నగా, రంధ్రాలు లేకుండా ఉండటం వల్ల తారు లోపలికి ఇంకి పట్టు దొరకబుచ్చుకోలేదు. పైగా ఆ ఉపరితలానికి తారుకన్నా నీరే సులభంగా అంటుకుంటుంది. తారు పూసిన గాజు ముక్కలను మరిగే నీటిలో కాసేపు ఉంచి చూడండి: తారు పొర అంచుల నుంచి వెనక్కు ముడుచుకుంటూ బొట్లుగా చేరి, గాజు బోసిగా బయటపడుతుంది. వానలకు రోడ్డులో జరిగేదీ ఇదే. అందుకే 1 నుంచి 2 శాతం నీరు చల్లి విరియబెట్టిన సున్నపు పొడినో (హైడ్రేటెడ్ లైమ్), తారు పట్టును పెంచే వేరే రసాయనాన్నో కలుపుతారు.

రెండవ సమాధానం:
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. సున్నం కలిపినంత మాత్రాన ఎంత గాజైనా వేయవచ్చని అనుకోకూడదు. సాధారణంగా మొత్తం కంకర బరువులో 10 నుంచి 15 శాతానికి మించనివ్వరు. వాహనాల వేగం ఎక్కువగా ఉండే దారుల్లో పై పొరకు టైరు జారకుండా నిలిపే గరుకుదనం కావాలి కనుక, నా ఉద్దేశంలో గాజుకు తగిన చోటు కింది పొరలే. తారుతో పనిలేని పునాది పొరలో కంకరతో కలిపి పరిస్తే ఈ అతుకుడు సమస్యే ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే సిమెంటు రోడ్డులో వాడితే ఈ ఇబ్బంది తప్పుతుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఇది తప్పినా మరొకటి ఎదురవుతుంది. సిమెంటులోని క్షారాలు గాజులోని సిలికాతో చర్య జరిపి జిగురు వంటి పదార్థాన్ని పుట్టిస్తాయి. అది తేమను పీల్చి ఉబ్బడంతో కాంక్రీటు లోపలి నుంచే పగుళ్లిస్తుంది. విచిత్రమేమిటంటే, అదే గాజును 75 మైక్రాన్ల కన్నా మెత్తగా విసిరితే హాని చేయకపోగా ఫ్లై యాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో మిగిలే సన్నని బూడిద) మాదిరిగా బలాన్నిస్తుంది. అయితే అంత మెత్తగా విసరడానికి విద్యుత్తు బాగా ఖర్చవుతుంది. సీసాల్లో మిగిలిన చక్కెర పానీయాలు సిమెంటు గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తాయి కాబట్టి కడగడమూ తప్పదు.

మూడవ సమాధానం:
గాజు ఎక్కడి నుంచి తెస్తారన్నది కూడా ఆలోచించండి. రంగుల వారీగా వేరుచేసిన శుభ్రమైన సీసాలను కరిగించి మళ్లీ సీసాలుగా చేయడమే మేలు; వాటిని రోడ్డులో పూడ్చడం నాకు వృథాగానే కనిపిస్తుంది. రంగులు కలిసిపోయి, పింగాణీ ముక్కలు చేరి కొలిమికి పనికిరాని రవ్వనే ప్రాజెక్టుకు తీసుకోండి. పాత టీవీల పిక్చర్ ట్యూబుల గాజులో సీసం (లెడ్) అనే విషలోహం ఉంటుంది, దాని జోలికి వెళ్లవద్దు. సున్నం ఉన్న, లేని నమూనాలను విడివిడిగా చేసి, నీటిలో నానబెట్టిన వాటి తన్యతా బలాన్ని (లాగినప్పుడు విడిపోకుండా నిలిచే బలాన్ని) పొడివాటితో పోల్చండి. ఆ నిష్పత్తి 80 శాతం కన్నా తగ్గితే ఆ మిశ్రమాన్ని పక్కన పెట్టవలసిందే.