జెవెట్ దొర కంటే ముందు, అమెరికాలో ఎవరు? యూత్ మీటింగ్‌కి సలహా కావాలి

ఒంగోలు సండేస్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. వచ్చే నెల మా సంఘం యూత్ మీటింగ్‌లో నాకు అరగంట ఇచ్చారు. మన ప్రాంతానికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు, అంటే 1840లో నెల్లూరు వచ్చిన డే దొర, ఒంగోలు ప్రార్థన కొండ మీద మోకరించిన జెవెట్ దొర, 1866లో ఒంగోలులో స్థిరపడిన క్లౌ దొర సంగతులు మా పిల్లలకు కంఠతా వచ్చు. వాళ్లను పంపిన అమెరికాలో అంతకు రెండొందల ఏళ్ల ముందు దైవసేవకులు ఎలా బతికారో చెబుదామని ఉంది. పేర్లు చాలా ఉన్నాయి, ఎవరితో మొదలుపెట్టాలా అని టెన్షన్‌గా ఉంది. ఒక్కరి గురించే చెప్పాలంటే మీరు ఎవరిని ఎంచుకుంటారు?

కావలి రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, నేనైతే జాన్ ఎలియట్ గురించి చెబుతాను. 1631లో ఇంగ్లండు నుంచి బోస్టన్ చేరి, ఆ పక్కనే రాక్స్‌బరీ సంఘానికి కాపరి అయ్యాడు. ఆ పని చూసుకుంటూనే అక్కడి స్థానికుల, అంటే అమెరికా ఆదివాసుల, భాష నేర్చుకున్నాడు. నేర్పింది కాకెనో అనే కుర్రాడు. ఇంగ్లీషు వలసవాళ్లు పీక్వాట్ అనే తెగతో చేసిన యుద్ధంలో ఖైదీగా చిక్కి, ఒక ఇంగ్లీషు ఇంట్లో పనిలో ఉన్నవాడు. 1646 నుంచి ఎలియట్ ఆ భాషలో ప్రసంగించాడు, 1663లో బైబిల్ మొత్తం అచ్చు వేయించాడు. అమెరికా గడ్డ మీద అచ్చయిన మొదటి బైబిల్ అదే. అక్కడ పూర్తి ఇంగ్లీషు బైబిల్ రావడానికి 1782 దాకా పట్టింది.

కానీ దయచేసి ఎలియట్ దగ్గరే ఆపకండి. కేంబ్రిడ్జి ప్రెస్సులో దానికి అక్షరాలు కూర్చినవాళ్లలో వోవాస్ అనే నిప్మక్ తెగ యువకుడు ఉన్నాడు. ఆ పనితోనే జేమ్స్ ప్రింటర్ అని పేరొచ్చింది. క్లౌ దొర పేరు పక్కన, ఆయనతో కలిసి సువార్త పని చేసిన మన ఎర్రగుంట్ల పేరయ్య పేరు ఎలా చెప్పుకుంటామో, ఇతని పేరూ అలా చెప్పాలి.

1675లో ఇంగ్లీషు వలసవాళ్లకూ స్థానిక తెగలకూ మధ్య యుద్ధం వచ్చింది. నాటిక్ లాంటి ప్రార్థనా గ్రామాల్లో, అంటే క్రైస్తవులైన స్థానికుల కోసం పెట్టిన ఊళ్లలో, ఉంటున్నవాళ్లను కూడా వలసవాళ్లు నమ్మలేదు. బోస్టన్ రేవులోని డీర్ ఐలండ్ అనే దీవిలో తెచ్చి పడేశారు. చలికాలం, సరైన తిండి లేదు, తలదాచుకోను చోటు లేదు. ఎంతోమంది అక్కడే పోయారు. అది చదివినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది. ఒకే ప్రభువును నమ్మినవాళ్లను అలా చేయడానికి మనసెలా ఒప్పింది? డెబ్బై దాటిన ఎలియట్ మాత్రం వాళ్ల పక్షాన మాట్లాడాడు, దీవికి వెళ్లి చూశాడు, సొంతవాళ్ల చేత తిట్లు తిన్నాడు. ఆ యుద్ధంలో బైబిళ్లు చాలా నాశనమయ్యాయి. 1685లో మళ్లీ అచ్చు వేశారు. అప్పుడూ ప్రెస్సులో జేమ్స్ ప్రింటర్ ఉన్నాడు.

కనిగిరి నుంచి:
మాస్టారు చెప్పింది బాగుంది. అయితే మనం బాప్టిస్టులం కదా, అదే కాలంలో అక్కడున్న పాస్టరు రోజర్ విలియమ్స్‌ని వదిలేయొద్దు. మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదన్నాడు, స్థానికుల భూమిని ఇంగ్లండు రాజు వలసవాళ్లకు ఎలా ఇస్తాడని అడిగాడు. అందుకే 1635లో బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ నుంచి వెళ్లగొట్టారు. మంచులో పారిపోతే ఆదుకున్నది ఆ స్థానికులే. 1636లో ప్రావిడెన్స్ ఊరు కట్టాడు. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘం పుట్టింది ఆ ఊళ్లోనే.

ఒంగోలు సండేస్కూల్ టీచర్:
చాలా థ్యాంక్స్ అండీ. ఎలియట్‌నీ, ప్రింటర్‌నీ కలిపి చెబుతాను. మాస్టారూ, యుద్ధం ఎందుకొచ్చిందని మా ఇంటర్ పిల్లలు తప్పకుండా అడుగుతారు.

కావలి రిటైర్డ్ మాస్టారు:
ముఖ్యంగా భూమి కోసమమ్మా. వలసవాళ్లు పెరిగేకొద్దీ వాళ్ల పశువులు స్థానికుల పంటల మీద పడ్డాయి, తీర్పులేమో వలసవాళ్ల కోర్టుల్లో. చివరికి నిప్పంటించింది జాన్ సాసమన్ చావు. ఎలియట్ దగ్గర చదువుకున్న స్థానిక క్రైస్తవుడే అతను. యుద్ధం రాబోతోందని ప్లిమత్ అనే ఇంగ్లీషు వలస ప్రాంతపు గవర్నరుకు చెప్పాక, గడ్డకట్టిన చెరువులో శవమై దొరికాడు. ఆ నేరం మీద ముగ్గురు వాంపనోగ్ తెగ మనుషులకు ఉరిశిక్ష వేశారు. ఆ నెలలోనే యుద్ధం మొదలైంది. పిల్లలు అడిగితే ఇదీ దాచకుండా చెప్పమ్మా.