308 రైఫిల్‌కి డీర్ హంటింగ్ బుల్లెట్ ఏది కొనాలె? ఇంట్ల చిన్న పాప కూడా తింటది

ఓరుగల్లు_టు_ఆస్టిన్:

అందరికీ నమస్తే. నేను ఆస్టిన్‌ల ఉంటా, హెచ్1బి మీద. మా టీమ్‌ల ఒకాయనకు లానో కౌంటీల డీర్ లీజ్, అంటే వేటకు కిరాయికి తీసుకున్న జాగ, ఉంది, నవంబర్‌ల సీజన్ ఓపెన్ అయినంక మొదటి వారమే రమ్మంటుండు. రైఫిల్ ఆయనదే, 308 విన్‌చెస్టర్ బోల్ట్ యాక్షన్, దాని మీద ఇప్పటికి రెండు సార్లు రేంజ్‌ల ప్రాక్టీస్ చేసిన. కానీ బుల్లెట్లు మాత్రం నువ్వే కొనుక్కో, ఎందుకు కొంటున్నవో తెలిసి కొను అన్నడు. స్టోర్‌కు పోయి షెల్ఫ్ ముందు నిలబడితే బుర్ర తిరిగింది. సాఫ్ట్ పాయింట్ అంట, బాండెడ్ అంట, పార్టిషన్ అంట, కాపర్ అంట, ప్లాస్టిక్ టిప్ అంట, మళ్ల బరువు చూస్తే 130 గ్రెయిన్ నుంచి 180 దాక ఉన్నయి. రేంజ్‌ల కొట్టిన చవక ఎఫ్ఎంజె రౌండ్లు ఇంకో నలభై మిగిలినయి, అవే వాడొచ్చా?

మా ఊర్ల తాతలు చెప్పిన వేట కథలు వినుడే తప్ప నేనెప్పుడూ చూడలే. 1972 చట్టం వచ్చినంక అక్కడ జింకను ముట్టుకుంటే జైలే, తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా చుక్కల జింకనే కదా. అందుకే నాకు ఒకటే గుబులు, కొడితే అది బాధ పడకుండ అక్కడికక్కడ పోవాలె. గాయపడి పొదల్ల పడి రాత్రంత కొట్టుకుంటే నేను తట్టుకోలేను. ఇంకోటి, మాంసం ఇంటికి తెస్తా, నాలుగేళ్ల పాప ఉంది, కైమా అంటే ప్రాణం.

హిల్_కంట్రీ_గుంటూరోడు:

తమ్ముడూ బుల్లెట్ సంగతికి ముందు ఒక మాట, నువ్వు హెచ్1బి అన్నావు కాబట్టి చెప్తున్నా. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ రూల్. చాలామంది మనవాళ్ళకి ఇది తెలీదు, రేంజ్‌కి వెళ్ళి ఫోటోలు కూడా పెడతారు. అయితే స్టేట్ ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే దానికి మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్స్, తర్వాతే బుల్లెట్ల డబ్బా. టెక్సస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, పాతది ఉంటే కొత్తది తీసుకో. 1971 సెప్టెంబర్ 2 గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కూడా ఉండాలి, పెద్దవాళ్ళకి ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఏమాత్రం డౌట్ ఉన్నా మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడుగు, వీసా విషయం ఇది, చిన్నది కాదు.

ఇక ఆ ఎఫ్ఎంజె రౌండ్లు, అవి రేంజ్‌కే ఉంచు. ఫుల్ మెటల్ జాకెట్ అంటే సీసం చుట్టూ గట్టి తొడుగు, ముందు మూసేసి ఉంటుంది, అది లోపల విచ్చుకోదు. సన్న చువ్వ గుచ్చినట్టు ఇటు దూరి అటు పోతుంది, జింక ఏమీ కానట్టు పరిగెత్తి ఎక్కడో ఎప్పుడో చస్తుంది. నువ్వు భయపడుతున్నావే సరిగ్గా అదే జరుగుతుంది. చాలా స్టేట్స్‌లో డీర్‌కి వాటిని అసలు ఒప్పుకోరు.

వేట బుల్లెట్ పనేంటంటే తగలగానే ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకోవాలి, విచ్చుకుని కూడా ఊపిరితిత్తుల దాకా, వీలైతే అవతలి పక్కకి వెళ్ళాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం. మరీ మెత్తగా ఉంటే చర్మం దగ్గరే చితికిపోతుంది, మరీ గట్టిగా ఉంటే విచ్చుకోదు. మార్కెట్‌లో ఉన్న ఇన్ని రకాలూ ఈ ఒక్క చిక్కుముడి విప్పడానికి వచ్చినవే. మామూలు సాఫ్ట్ పాయింట్, రెమింగ్టన్ కోర్‌లోక్ట్ లాంటిది, 1939 నుంచీ ఉంది, ఇన్నేళ్ళుగా అమెరికాలో జింకల్ని కొడుతున్నది ఎక్కువగా ఈ రకమే. బాండెడ్ అంటే లోపలి సీసాన్ని బయటి రాగి తొడుగుకి అతికించేస్తారు, విడిపోదు. పార్టిషన్ అంటే మధ్యలో రాగి గోడ, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం గట్టిగా దూసుకుపోతుంది, నోస్లర్ వాళ్ళు 1940ల్లో మూస్ లాంటి పెద్ద జంతువుల కోసం చేసింది. మన లానో జింకలకి అంత అక్కర్లేదు, అవి 100 పౌండ్లకి అటూ ఇటూ ఉంటాయి, మన ఊరి పెద్ద మేకపోతుకి ఇంకాస్త అంతే.

నాకు జరిగింది చెప్తా, నా రెండో సీజన్. ప్లాస్టిక్ టిప్ ఉన్న మెత్తటి బుల్లెట్, బాగా స్పీడు, పేపర్ మీద అద్భుతంగా పడేది. జింక అనుకున్నట్టు 150 గజాల్లో రాలేదు, జింకలకి మేత పోసే ఫీడర్ వెనక నుంచి 40 గజాల్లోకి వచ్చేసింది, నేను కంగారులో కాస్త ముందుకి, భుజం ఎముక మీద కొట్టాను. జింక పడింది, అది వేరే విషయం. తోలు తీస్తే ముందు కాలు రెండు వైపులా జెల్లీలా నల్లగా, ఎముక ముక్కలు, బుల్లెట్ రేకులు, ఆ భుజం మొత్తం పారేశాం. అప్పట్నుంచి నేను 308లో 150 గ్రెయిన్ బాండెడ్ తప్ప వేరేది ముట్టుకోలేదు. దగ్గరైనా చిట్లదు, 200 గజాల్లో కూడా 2200 ఫీట్ పర్ సెకండ్ దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి విచ్చుకుంటుంది. లానో ఉన్న ఈ హిల్ కంట్రీలో అంతకంటే దూరం కొట్టే అవసరం రాదు, వచ్చినా మొదటి ఏడాది వద్దు.

మిన్నెసోటా_మావయ్య:

పై ఆయన చెప్పింది బానే ఉంది కానీ కొత్త కుర్రాడిని ఎక్కువ కంగారు పెట్టకండి. నేను పదిహేనేళ్ళుగా 243 రైఫిల్‌తో 100 గ్రెయిన్ మామూలు సాఫ్ట్ పాయింటే, ఇక్కడి జింకలు మీ టెక్సస్ వాటికంటే చాలా పెద్దవి, అయినా ఒక్కటి కూడా తప్పించుకోలేదు. కారణం బుల్లెట్ కాదు, ఎక్కడ కొడుతున్నాం అన్నది. పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగు, ముందు కాలు వెనక గీతే పట్టుకుని కింది నుంచి మూడో వంతు ఎత్తులో కొట్టు, గుండె ఊపిరితిత్తులు ఉండేది అక్కడే, ఒక భోజనం ప్లేటంత చోటు. అక్కడ తగిలితే ఏ సాఫ్ట్ పాయింటైనా చాలు.

కొట్టాక వెంటనే పరిగెత్తి వెళ్ళకు, కనీసం అరగంట కూర్చో. తర్వాత అది నిలబడిన చోటికెళ్ళి నేల చూడు. గులాబీ రంగులో నురగ బుడగలతో రక్తం ఉంటే ఊపిరితిత్తి, దగ్గర్లోనే పడి ఉంటుంది. పచ్చగా, వాసనగా, గడ్డి తుక్కు కలిసి ఉంటే పొట్టలో తగిలింది, అప్పుడు గంటలు గంటలు ఆగాలి, వెంటపడితే లేచి మైళ్ళు పోతుంది. నీ గుబులు తీరాలంటే బుల్లెట్ బాక్స్ కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది. ప్రాక్టీస్ కూడా బెంచ్ మీద నుంచి మాత్రమే కాదు, కూర్చుని, మోకాలి మీద ఆనించుకుని చెయ్యి.

ఫ్రెస్నో_వంటిల్లు:

అన్నయ్యలిద్దరూ పాప గురించి ఒక్క మాట కూడా అనలేదు, అడిగిన ప్రశ్నలో సగం అదే కదా.

మా ఆయన, నేను ఇద్దరం వేటకి వెళ్తాం, కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని అమ్యునిషనే వాడాలి. చచ్చిన జంతువుల్లో సీసం తిని కాండోర్ రాబందులు చనిపోతున్నాయని మొదలైన గొడవ అది. మొదట్లో మేమూ విసుక్కున్నాం, ఖరీదు ఎక్కువ, దొరకవు అని. ఇప్పుడు మాంసం కోసేది నేనే కాబట్టి చెప్తున్నా, రూల్ ఎత్తేసినా వెనక్కి వెళ్ళను. సీసం బుల్లెట్ విచ్చుకునేటప్పుడు పొడిలా రాలుతుంది, కంటికి కనిపించదు, నాలుకకి తెలీదు, గాయం నుంచి అడుగు పైనే దూరం వెళ్తుంది. 2008లో నార్త్ డకోటాలో పేదలకి దానం ఇచ్చిన జింక కైమా ప్యాకెట్లకి ఎక్స్‌రే తీస్తే సీసం ముక్కలు కనిపించాయి, ఫుడ్ ప్యాంట్రీల్లో ఉన్నదంతా పారేయమన్నారు. కైమా అంటే మరీ ప్రమాదం, గాయం పక్క ముక్క ఒక్కటి పడినా మొత్తం గిన్నెలో కలిసిపోతుంది. పిల్లల రక్తంలో సీసం ఇంత ఉన్నా పర్లేదు అనే లెక్క ఏదీ లేదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళే అంటారు. నాలుగేళ్ల పాప తినే ఇంట్లో నేనైతే రెండో ఆలోచన చెయ్యను.

కాపర్ బుల్లెట్ మొత్తం ఒకే రాగి ముక్క, బార్న్స్ టీటీఎస్ఎక్స్, హార్నడీ సీఎక్స్ లాంటివి. నాలుగు రేకులుగా పువ్వులా విచ్చుకుంటుంది, బరువు దాదాపు అంతా అలాగే ఉంటుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది, అందుకని ఒక మెట్టు తగ్గించి తీసుకోవాలి. సీసంలో 150 అంటే కాపర్‌లో 130 చాలు, పైగా విచ్చుకోవడానికి దానికి స్పీడు కావాలి, తేలికైతే స్పీడూ వస్తుంది. ఏ బుల్లెట్ వాడినా గాయం చుట్టూ ఉన్న మాంసం మాత్రం ధారాళంగా కోసి పారేయండి, అక్కడ పిసినారితనం వద్దు.

మిన్నెసోటా_మావయ్య:

అమ్మా నువ్వన్నది నిజమే. మా పిల్లలు పెద్దవాళ్ళైపోయారు కాబట్టి నాకు ఆ ఆలోచనే రాలేదు, మనవరాలు వస్తే పెట్టేది కూడా ఆ ఫ్రీజర్‌లోదే. 243కి కాపర్ 80, 85 గ్రెయిన్‌లో ఉన్నాయి, చూస్తాను.

హిల్_కంట్రీ_గుంటూరోడు:

నేను కూడా ఒప్పుకుంటున్నా, పాప కోసమైతే కాపరే. తమ్ముడూ ఒకే రకం రెండు బాక్సులు కొనకు, రెండు రకాలు ఒక్కో బాక్స్ కొని ఆ రైఫిల్‌కి ఏది పడుతుందో చూడు. ప్రతి బ్యారెల్‌కి ఒక ఇష్టం ఉంటుంది, పక్కింటి రైఫిల్‌లో అదిరిపోయింది మనదాంట్లో చెదిరిపోవచ్చు. వేటకి ఏది తీసుకెళ్తావో దానితోనే స్కోప్ జీరో చెయ్యాలి, అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా సర్దాలి, రేంజ్ రౌండ్లతో జీరో చేసి వేట రౌండ్లు ఎక్కిస్తే ఎక్కడ పడుతుందో దేవుడికే తెలుసు.

ఓరుగల్లు_టు_ఆస్టిన్:

అన్నలకూ అక్కకూ శానా థ్యాంక్స్. వీసా ముచ్చట చదివినంక గుండె జల్లుమన్నది, నిజంగా తెల్వదు. తెల్లారే లాయర్‌కు మెయిల్ పెట్టిన, హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేసి లైసెన్స్ చేతికొచ్చేదాక రేంజ్ దిక్కు పోలే.

నిన్న శనివారం పోయినం. 130 గ్రెయిన్ కాపర్ ఒక బాక్స్, 150 బాండెడ్ ఒక బాక్స్. 100 గజాల కాడ బాండెడ్ మూడు గుండ్లు అరచేయి వెడల్పున పడ్డయి, ఈ రైఫిల్‌కు పడనట్టుంది. కాపర్ మూడూ ఒక రూపాయి బిళ్ల మీద రెండు, పక్కకు ఆనుకొని ఒకటి! అయితే ఎఫ్ఎంజెతో చేసిన జీరోకు మూడు ఇంచులు పైన పడ్డయి, గుంటూరన్న చెప్పకపోతే అట్లనే పోయేటోన్ని. స్కోప్ సరిచేసి, కూసొని మోకాలి మీద ఇంకో తొమ్మిది కొట్టిన, ఏడు ప్లేట్ల పడ్డయి, రెండు బయటికి పోయినయి. ఆ రెండిటికీ కారణం నేనే, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ గుంజిన. సీజన్‌కు ఇంక మూడు వారాలుంది, ప్రతి శనివారం పోతా.