నాలుగు కేబుళ్లు కలిపినా ఒక్క కేబుల్ వేగమే వస్తోంది: నెట్‌వర్క్ స్టోరేజీలో సమాంతర క్యూల గురించి

సందేహం (నల్లగొండ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండలో మాకు పెళ్లి వీడియోల ఎడిటింగ్ స్టూడియో ఉంది. ఫుటేజీ అంతా ఒక లినక్స్ సర్వర్‌లో పెట్టి, ఎడిటింగ్ కంప్యూటర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా మౌంట్ చేసుకున్నాము, అంటే సొంత ఫోల్డర్‌లా కనిపించేలా కలుపుకున్నాము. ఆ కంప్యూటర్ కూడా లినక్సే. రెండింటికీ నాలుగేసి గిగాబిట్ పోర్టులున్నాయి. నాలుగింటినీ ఎల్ఏసీపీ అనే ప్రామాణిక పద్ధతిలో బాండింగ్ చేశాము, అంటే ఒకే లింకులా పనిచేసేలా స్విచ్ ద్వారా జతకట్టాము. అయినా ఎంత పెద్ద ఫైలు చదివినా సెకనుకు 112 మెగాబైట్లు దాటడం లేదు. మాఘమాసం ముహూర్తాల పని మీద పడింది, మూడు కెమెరాల ఫుటేజీ ఒకేసారి టైమ్‌లైన్‌లో పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. డిస్కులు మార్చాలా, 10 గిగాబిట్ కార్డులు కొనాలా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి)

నమస్కారమండీ. ఇప్పుడే ఏమీ కొనకండి. గిగాబిట్ లింకు లెక్క ప్రకారం మోయగలిగేది సెకనుకు 125 మెగాబైట్లు, ప్యాకెట్ల పైఖర్చు పోగా చేతికి అందేది 110 నుంచి 118 మధ్య ఉంటుంది. మీ 112 సరిగ్గా అక్కడే ఆగిందంటే, నాలుగు లింకుల్లో ఒక్కటే పని చేస్తోందని అనుమానించాలి.

డిస్కు తప్పు కాదని ముందు తేల్చుకోండి. సర్వర్ మెమరీలో ఇమిడేంత ఫైలును, ఎడిటింగ్ కంప్యూటర్ సొంత క్యాష్ (చదివిన డేటాను దాచుకునే మెమరీ) అడ్డురాకుండా, వేగం కొలిచే ఎఫ్ఐఓ (fio) ప్రోగ్రామ్‌లో డైరెక్ట్ ఆప్షన్ పెట్టి, రెండుసార్లు చదవండి. రెండోసారి ఆ ఫైలు సర్వర్ మెమరీ నుంచే వస్తుంది కాబట్టి, అప్పుడూ 112 దగ్గరే ఆగితే చిక్కు దారిలో ఉన్నట్టే.

ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలుగా ఒక సర్వర్‌తో ఒకే టీసీపీ కనెక్షన్ (డేటా వరుసగా నడిచే ఒక దారి) పెట్టుకుంటుంది, అన్ని విన్నపాలూ ఆ ఒక్క వరుసలోనే వెళ్తాయి. మిర్యాలగూడలో మిల్లు ముందు వడ్ల లారీలు బారులు తీరినప్పుడు లోపల ఎంతమంది హమాలీలున్నా కాంటా ఒక్కటే అయితే లారీలు ఎలా కదులుతాయో, ఇదీ అంతే. లినక్స్ కెర్నల్ 5.3 నుంచి మౌంట్ ఆప్షన్లలో ఎన్‌కనెక్ట్ (nconnect) ఉంది, దానితో 16 వరకు కనెక్షన్లు పెట్టుకోవచ్చు. మీరు 4 పెట్టి చూడండి.

తిరిగి సందేహం (నల్లగొండ నుంచి)

మీరు చెప్పినట్టే చేశాను. రెండోసారి చదివినా 112 వచ్చింది, కాబట్టి డిస్కు కాదని రూఢి అయింది. కానీ ఎన్‌కనెక్ట్ 4 పెట్టి రీమౌంట్ చేసినా (ఉన్న మౌంట్‌ను తీసేయకుండా ఆప్షన్లు మార్చినా) ఏ మార్పూ లేదు.

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి)

రెండు విషయాలు నేను మొన్ననే చెప్పి ఉండవలసింది. ఒకటి, రీమౌంట్‌తో కనెక్షన్ల సంఖ్య మారదు. ఒక సర్వర్‌కు చేసిన మొదటి మౌంట్‌లో ఏ సంఖ్య ఉంటే తరువాతి మౌంట్లూ వాటినే పంచుకుంటాయి. కాబట్టి ఆ సర్వర్‌కు చెందిన మౌంట్లన్నీ తీసేసి, కొత్తగా మౌంట్ చేయాలి. ఆ తరువాత ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే 2049 పోర్టుకు (ఇది కేబుల్ పెట్టే పోర్టు కాదు, కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) ఎన్ని కనెక్షన్లు తెరుచుకున్నాయో ఎస్ఎస్ (ss) కమాండ్‌తో లెక్కపెట్టండి.

రెండోది ఇంకా ముఖ్యం. బాండింగ్‌లో ఏ ప్యాకెట్ ఏ లింకు మీద పోవాలన్నది హ్యాష్ పాలసీ, అంటే ప్యాకెట్ మీది చిరునామాలతో లెక్కకట్టి లింకును ఎంచే నియమం, నిర్ణయిస్తుంది. లినక్స్‌లో మామూలుగా ఉండేది లేయర్ 2. అది మ్యాక్ చిరునామాలనే (నెట్‌వర్క్ కార్డుల హార్డ్‌వేర్ చిరునామాలనే) చూస్తుంది. ఇద్దరి మధ్య ఆ చిరునామాలు మారవు కాబట్టి, నాలుగు కనెక్షన్లు తెరిచినా నాలుగూ ఒకే కేబుల్ ఎక్కుతాయి. లేయర్ 3+4 పెడితే పోర్టు సంఖ్యలు కూడా లెక్కలోకి వచ్చి, కనెక్షన్లు వేరువేరు కేబుళ్ల మీదికి విడిపోతాయి.

ఇక్కడ చాలామంది పొరబడేది స్విచ్ దగ్గర. మీరు చదివే డేటా సర్వర్ నుంచి స్విచ్ వరకు సర్వర్ పాలసీతో, స్విచ్ నుంచి మీ కంప్యూటర్ వరకు స్విచ్ పాలసీతో నడుస్తుంది. స్విచ్‌లో కూడా పోర్టు సంఖ్యలను చూసే పద్ధతి ఎంచుకోకపోతే సగం దారిలోనే మళ్లీ ఒక్క వరుస అయిపోతుంది. ఎడిటింగ్ కంప్యూటర్‌లోని పాలసీ మీరు సర్వర్‌కు రాసేటప్పుడు పనికొస్తుంది, దాన్నీ మార్చండి.

సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ థ్రెడ్లు (విన్నపాలను ఏకకాలంలో తీర్చే పనివాళ్లు) ఇంకా 8 మాత్రమే ఉంటే 32 చేయండి. కాంటాలు పెంచి హమాలీలను పెంచకపోతే వరుస లోపల పేరుకుంటుంది.

మరో ప్రశ్న (సూర్యాపేట నుంచి)

మా దగ్గర విండోస్ కంప్యూటర్లున్నాయి. ఇదే పని అక్కడ ఎలా చేయాలి?

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి)

విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి ఎస్ఎంబీ. దాని 3.0 వెర్షన్‌లో ఒకేసారి పలు కనెక్షన్లు వాడే మల్టీచానెల్ ఉంది. విండోస్ 8, విండోస్ సర్వర్ 2012 నుంచి కంప్యూటర్లు దాన్ని వాటంతట అవే వాడుకుంటాయి. అయితే పోర్టులను బాండింగ్ చేయకుండా విడివిడిగా ఉంచడమే అక్కడ మేలు.

ఫలితం (నల్లగొండ నుంచి)

మూడు చోట్లా పాలసీ మార్చి, అన్నీ తీసి కొత్తగా మౌంట్ చేశాను. 4 కనెక్షన్లతో 225 దగ్గర ఆగింది. 8 చేయగానే 340 వచ్చింది. మూడు కెమెరాల టైమ్‌లైన్ ఆగకుండా నడుస్తోంది. కానీ 4తో ఎందుకు తక్కువ వచ్చిందో అర్థం కాలేదు.

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి)

హ్యాష్ అనేది పంపకం లాంటిది, సమానంగా పంచుతుందన్న హామీ లేదు. నాలుగు కనెక్షన్లలో రెండు ఒకే కేబుల్ ఎక్కి, ఒక కేబుల్ ఖాళీగా ఉండిపోవచ్చు. కనెక్షన్లు పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గుతుంది. అలాగని వెంటనే 16కు వెళ్లకండి. మీవి తిరిగే హార్డ్ డిస్కులైతే, నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకే 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, కాబట్టి వరుసలు ఎక్కువైతే డిస్కు హెడ్ అటూ ఇటూ పరుగెత్తి ఉన్న వేగమూ పడిపోవచ్చు. అసలు ఫుటేజీ నడుస్తుండగా సర్వర్‌లో డిస్కుల పనితీరు చూపే ఐఓస్టాట్ (iostat) పెట్టి, డిస్కు నిరీక్షణ కాలం పెరగడం లేదని చూసుకున్నాకే ఎడిటింగ్ కంప్యూటర్‌లో మౌంట్ వివరాలుండే ఎఫ్ఎస్‌ట్యాబ్ (fstab) ఫైలులో 8 అని రాసి శాశ్వతం చేయండి.